ఐదవ పిచ్చుక వెల ఎంత?

ధ్యానాంశం: మత్తయి 10:29–31, లూకా 12:6–7



పిచ్చుకలను గూర్చి మన ప్రభువు చెప్పిన మాటలు మీరు ఎన్నోసార్లు పూజలో విన్నారు. అయితే మత్తయి వ్రాసినదీ లూకా వ్రాసినదీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. ఆ లెక్కన రెండు కాసులకు నాలుగు రావాలి. కాని లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు! ఇదేమి లెక్క? పటమట రైతు బజారులో కూరలు కొనే ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. నాలుగు కొన్నవారికి ఐదవది కొసరు. అంటే ఆ ఐదవ పిచ్చుకకు బజారులో వెల లేదు. అమ్మేవాడు దానిని లెక్కలో వేయలేదు, కొనేవాడు దానికోసం పైసా ఇవ్వలేదు. అయినా ఆ ఐదింటిలో ఏ ఒక్కదానినీ దేవుడు మరచిపోడని ప్రభువు సెలవిచ్చారు. ఆ వెంటనే, మీరు అనేక పిచ్చుకలకంటే విలువైనవారు, భయపడవద్దు అన్నారు.

నేడు మన ఇళ్ళల్లో పిల్లలు, పెద్దలు కూడా, తాము ఐదవ పిచ్చుకలమేమోనని లోలోపల కుమిలిపోతున్నారు. అందుకే ఈ వారం ఈ మాటలను మీ ముందు ఉంచుతున్నాను.

పూర్వం మనిషి వెల కట్టే బజారు ఊరి మధ్యలో ఉండేది. పొద్దుగుంకితే ఆ బజారు కట్టేసి ఇంటికి వచ్చేవాళ్ళం. నేడు ఆ బజారు జేబులోకి వచ్చింది, దిండు కిందికి వచ్చింది. ఒక అమ్మాయి పుట్టినరోజు ఫోటో పెడుతుంది. తన స్నేహితురాలి ఫోటోకు మూడు వందల మంది మెచ్చారు, తన ఫోటోకు పదకొండు మందే మెచ్చారు. ఆ రాత్రి అన్నం సహించదు. అమ్మ అడిగితే తలనొప్పి అంటుంది. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు కొత్తగా రంగు వేసిన లారీ ముందు నిలబడి వీడియో తీసి పెడతాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు వాడి రంగునూ వాడి నూనె బట్టలనూ ఎగతాళి చేస్తూ ఒక ముక్క రాస్తాడు. పదిమంది నవ్వుతారు. మరునాడు ఆ కుర్రవాడు పనికి రాడు. మేస్త్రీ బద్ధకం అనుకుంటాడు. అది బద్ధకం కాదు, గాయం.

పిల్లలదే తప్పని అనుకోవద్దు. బిడ్డ తొలి దివ్యసత్ప్రసాదం స్వీకరించిన రోజున పీఠం ముందు మోకరించి కృతజ్ఞత చెప్పేలోగా ఎంతమంది చూశారో లెక్కపెట్టుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. 2020లో కరోనా కాలాన గుడులు మూతపడినప్పుడు పూజను ఫోన్లలో ప్రసారం చేయవలసి వచ్చింది. అది ఆనాటి అవసరం, మేలు కూడా జరిగింది. కాని పూజ ఎంతమంది చూశారన్నదానిని బట్టి పూజ విలువను కొలిచే అలవాటు మాత్రం మంచిది కాదు. ఇద్దరు ముసలమ్మలు మాత్రమే ఉన్న ఉదయపు పూజలో కూడా బలిపీఠం మీద ఉన్నది అదే క్రీస్తు.

ఈ లెక్క ఎక్కడ నుండి వచ్చింది?

మెచ్చుకోలు గుర్తు, అంటే ‘లైక్’ అనే మీట, ఫేస్‌బుక్‌లో 2009 ఫిబ్రవరిలో వచ్చింది. అంటే మన కళ్ళ ముందు పుట్టినదే. ఆ సంస్థకు తొలి అధ్యక్షుడుగా పనిచేసిన షాన్ పార్కర్ 2017 నవంబరులో బహిరంగంగా ఒక సంగతి ఒప్పుకున్నాడు. మనిషి మనస్సులో ఉన్న బలహీనతను తెలిసే వాడుకున్నామని, అప్పుడప్పుడు ఒక మెప్పు తగిలితే మనిషి మళ్ళీ మళ్ళీ వస్తాడని ఎరిగే దానిని కట్టామని అతని మాటల సారం. గాలం వేసేవాడే ఎర సంగతి చెప్పినట్టయింది. 2021 సెప్టెంబరులో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ ఆ సంస్థ లోపలి కాగితాలను బయటపెట్టింది. తమ శరీరాన్ని గూర్చి అప్పటికే బాధపడుతున్న ఆడపిల్లల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందని చెప్పినట్టు వారి సొంత పరిశీలనలోనే ఉన్నది. అదే సంవత్సరం మే నెలలో, కావాలనుకున్నవారు మెప్పుల లెక్క కనబడకుండా చేసుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్ కల్పించింది.

మన దేశంలో జరిగినది కూడా గుర్తు చేసుకోండి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. పొలం గట్టు మీద, వంటింట్లో, షెడ్డులో నిలబడి వీడియోలు చేసి వేలమందికి, లక్షలమందికి తెలిసినవారు మన తెలుగునాట ఎందరో ఉండేవారు. వారి లెక్కంతా ఒక్క ప్రకటనతో పోయింది. నేను అడిగేది ఒక్కటే. ఆ రాత్రి వారిలో ఏమి తగ్గింది? పాడగలిగిన గొంతు పోయిందా? నవ్వించగలిగిన చమత్కారం పోయిందా? బిడ్డకు తల్లి కాకుండా పోయిందా? పోయింది అంకె మాత్రమే. ఒక్క ప్రకటనతో పోగలిగినది మన విలువ ఎలా అవుతుంది?

సౌలు రాజు చెవిలో పడిన పాట

ఈ జబ్బు ఫోనుతో పుట్టలేదు. సమూవేలు మొదటి గ్రంథం 18వ అధ్యాయం తెరవండి. దావీదు గొల్యాతును కూల్చి తిరిగి వస్తున్నప్పుడు స్త్రీలు తంబురలతో ఎదురువచ్చి పాడారు. ఆ పాటలో సౌలుకు వేల లెక్క, దావీదుకు పదివేల లెక్క. దేశానికి విజయం వచ్చింది. రాజు సింహాసనం రాజు దగ్గరే ఉంది. కాని సౌలు ఆ పాటలో రెండు అంకెలు మాత్రమే విన్నాడు. ఆ రోజు నుండి దావీదును ఓరచూపు చూడసాగాడు. మరునాడే ఈటె విసిరాడు. తన అల్లుణ్ణి, తనకు వీణ వాయించి ఊరట ఇచ్చినవాణ్ణి, కొండలలో వేటాడుతూ మిగిలిన కాలం పాడుచేసుకున్నాడు.

దీని వేరు అంతకు ముందే, 15వ అధ్యాయంలో కనబడుతుంది. సౌలు గెలిచిన వెంటనే తనకు తానే ఒక విజయస్తంభం నిలుపుకున్నాడు. సమూవేలు ప్రవక్త అతని పాపాన్ని ఎత్తిచూపినప్పుడు పాపం చేశానని ఒప్పుకున్నాడు కూడా. కాని వెంటనే, పెద్దల ముందు ప్రజల ముందు తనను గౌరవించమని ప్రవక్తను బతిమాలుకున్నాడు. దేవునితో తెగిపోయిన దానికంటే జనం ముందు పోయే పరువే అతనికి ఎక్కువ బాధ. ఆ తరువాతి అధ్యాయంలోనే దావీదు ఎంపిక జరిగింది. తండ్రి యిషాయి తన ఏడుగురు కొడుకులను ప్రవక్త ముందు నిలబెట్టాడు. ఎనిమిదవవాణ్ణి పిలవనే లేదు. గొర్రెల దగ్గర వదిలేశాడు. కన్నతండ్రి లెక్కలోనే లేని ఆ కొసరు పిల్లవాణ్ణి దేవుడు ఏరుకున్నారు. నరులు పైరూపు చూస్తారు, దేవుడు హృదయం చూస్తారన్న ఉపదేశం అక్కడే ఉన్నది.

కాటా బరువును పుట్టించదు

పునీత తోమాసు అక్వినాసుగారు 13వ శతాబ్దంలో తమ మహాగ్రంథమైన సుమ్మాలో ఇదే ప్రశ్న వేసుకున్నారు. మనిషి ధన్యత గౌరవంలో ఉన్నదా? కీర్తిలో ఉన్నదా? రెండింటికీ లేదనే జవాబిచ్చారు. ఆయన చూపిన కారణం మన ఆటోనగర్‌లో అందరికీ అర్థమయ్యేదే.

లారీని కాటా ఎక్కిస్తారు. కాటా బరువు ఎంతో చీటీ ఇస్తుంది. ఆ బరువును కాటా పుట్టించలేదు. సరుకు లారీలో ముందే ఉంది కాబట్టి కాటా చెప్పగలిగింది. కాటా పాడైపోయి సున్నా చూపితే లారీలోని ధాన్యం మాయమవుతుందా? మనుషుల మెప్పు కూడా అంతేనని తోమాసుగారి వాదం. గౌరవం అనేది ఒకనిలో ఉన్న మంచికి గుర్తు మాత్రమే. మంచి ముందు, గుర్తు వెనుక. పైగా మనుషుల ఎరుక తప్పు కూడా కావచ్చు. ఇక ఫోనులోని కాటా సంగతి చెప్పనక్కరలేదు. ఎవరి ఫోటో ఎవరికి చూపాలో, ఎవరిది దాచాలో అది తన లాభాన్ని బట్టి నిర్ణయిస్తుంది. డబ్బు పెడితే దొంగ మెప్పులు కూడా దొరుకుతాయి. అటువంటి కాటా చీటీ చూసి మన బిడ్డ ఏడవడం న్యాయమా?

తోమాసుగారు అక్కడితో ఆగలేదు. దేవుని ఎరుక మనుషుల ఎరుక వంటిది కాదన్నారు. మనం ఒక వస్తువు ఉన్నది కాబట్టి దానిని ఎరుగుతాము. దేవుడు ఎరిగారు కాబట్టి ఆ వస్తువు ఉన్నది. మన మంచి నిలబడి ఉన్నది దేవుని ఎరుక మీద. ప్రియ తల్లిదండ్రులారా, ఇది బడి పాఠం కాదు. ఎవరూ చూడని నీ బిడ్డ ఈ క్షణాన ఊపిరి తీస్తున్నదంటే, చూసేవారు ఒకరు ఉన్నారనే అర్థం.

చెరగని నంబరు

లారీలు కట్టేవారికి ఇంకొక సంగతి నేను చెప్పనక్కరలేదు. కంపెనీ నుండి ఒట్టి ఛాసిస్ వస్తుంది. మీరు దాని మీద బాడీ కడతారు, రేకు బిగిస్తారు, రంగులు వేస్తారు, పువ్వులు, పేర్లు రాస్తారు. రోడ్డున పోయేవారు ఆ రంగులు చూసి బాగుందంటారు. కొన్నేళ్ళకు రంగు వెలిసిపోతుంది, మళ్ళీ వేస్తారు. యజమాని మారతాడు, రాసిన పేరు మారుతుంది. పై రాష్ట్రానికి వెళితే నంబరు ప్లేటు మారుతుంది. ఇంజను కూడా మార్చవచ్చు. కాని చట్రం మీద చెక్కిన ఛాసిస్ నంబరు మారదు. బండి ఎవరిదో, ఏదో తేల్చవలసి వచ్చినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు రంగును చూడడు. కింద మట్టి, గ్రీజు తుడిపించి ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించి చూసుకుంటాడు.

జ్ఞానస్నానం మన ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తుందని శ్రీసభ సత్యోపదేశం (1272) బోధిస్తున్నది. పాపం చేసినా ఆ ముద్ర చెరగదు. అందుకే జ్ఞానస్నానం రెండవసారి ఇవ్వరు. నువ్వు దేవుని బిడ్డవన్నది నీ మీద ఉన్న రంగు కాదు. అది చట్రం మీద పడిన గుర్తు. ఫోనులో నువ్వు వేసుకునే రంగు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఆ గుర్తుకు ఏమీ కాదు.

మన ప్రభువు జీవితంలో చూడండి. యొర్దాను నదిలో పరలోకపు తండ్రి తన ప్రియ కుమారుడని ఆయనను గూర్చి పలికినప్పుడు, మత్తయి సువార్తలో ఆయన ఇంకా ఒక్క అద్భుతం చేయలేదు, ఒక్క బోధ చెప్పలేదు, వెంట ఒక్క శిష్యుడు లేడు. అన్నిటికంటే ముందు ఆ మాట. వెంటనే సైతాను వచ్చి ఆ మాటనే ప్రశ్నించాడు. నువ్వు కుమారుడవైతే దేవాలయ శిఖరం మీద నుండి దూకి చూపించు అన్నాడు. అందరూ చూసే చోట ఒక విన్యాసం చేసి నిన్ను నీవు రుజువు చేసుకో అనే ఆ శోధన నేడు రైలు పట్టాల మీదకూ, కాలువ గట్ల మీదకూ మన పిల్లలను ఫోను పట్టుకుని నడిపిస్తున్నది. ప్రభువు దూకలేదు. రుజువు చేసుకోవలసిన అవసరం ఆయనకు లేదు. తండ్రి మాట చాలు.

యోహాను సువార్త 6వ అధ్యాయంలో రొట్టెలు తిన్న ఐదువేల మంది ఆయనను రాజును చేయాలనుకున్నారు. ఆయన ఒంటరిగా కొండకు వెళ్ళిపోయారు. అదే అధ్యాయం చివర, దివ్యభోజనాన్ని గూర్చిన మాట కఠినంగా ఉన్నదని అనేకులు ఆయనను విడిచి వెళ్ళారు. జనం పెరగాలని ఆయన ఆ మాట మార్చలేదు. పన్నెండుగురి వైపు తిరిగి, మీరు కూడా వెళ్తారా అని అడిగారు. మట్టల ఆదివారపు జేజేలనూ శుక్రవారపు కేకలనూ ఒకే వారంలో విన్న ప్రభువు ఆయన. రెండింటి మధ్య ఆయన మారలేదు.

లూర్దు బాలిక

ఆటోనగర్ నుండి గుణదల కొండ ఎంతో దూరం కాదు. 1924లో ఆర్లాటి గురువులు అక్కడ లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన నాటి నుండి మన తాతలు, తండ్రులు ఆ కొండ ఎక్కుతున్నారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్ళకు మీలో వెళ్ళనివారు అరుదు. మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చిన ఆడబిడ్డను చూడండి. అమ్మ ముందు గుండుతో నిలబడినప్పుడు తాను ఎలా కనబడుతున్నానని ఆమె అడగదు. ఆ నిమిషాన ఆమెకు దొరికిన స్వేచ్ఛ మన పిల్లలకు రోజూ దొరకాలి.

1858లో లూర్దులో మరియమాత దర్శనం పొందిన బెర్నదెత్తకు అప్పుడు 14 ఏళ్ళు. మరపట్టించే మిల్లు పోగొట్టుకున్న ఇంటి బిడ్డ. పాత చెరసాల గదిలో కాపురం. చదువు రాదు, ఉబ్బసం. 18 దర్శనాల తరువాత ఆమె పేరు దేశమంతా పాకింది. జనం గుంపులుగా వచ్చి చూసేవారు, బట్టలు తాకేవారు, డబ్బు చేతిలో పెట్టబోయేవారు. ఆమె తీసుకోలేదు. ఫోటో అనేది అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఆమె ఫోటోలు తీసి అమ్ముకున్నారు. ఒక విధంగా చెప్పాలంటే ఈనాటి మన పిల్లలు కోరుకునేదంతా ఆమెకు కోరకుండానే వచ్చింది. 1866లో ఆమె అదంతా వదిలి నెవేర్ పట్టణంలోని కన్యకల మఠంలో చేరింది. మరుసటి సంవత్సరం మాటపట్టు తీసుకున్న రోజున, ఈమె దేనికీ పనికిరాదని మఠం పెద్దమ్మగారు మేత్రాణుల ఎదుట అందరూ వింటుండగా చెప్పారు. మేత్రాణులు ఆమెకు ప్రార్థన చేసే పనిని అప్పగించారు. ఒకప్పుడు దేశమంతా వచ్చి చూసిన పిల్ల! ఆమె కుంగిపోలేదు. రోగుల గదిలో సేవచేసింది. పని అయ్యాక తలుపు వెనుక పెట్టిన చీపురుతో తనను తాను పోల్చుకుంది. అమ్మ వాడుకున్న చీపురుకు అంతకంటే ఏమి కావాలి? 35వ ఏట, 1879లో కన్నుమూసింది. 1933లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. పొగడ్త ఆమెను పెంచలేదు, చిన్నచూపు ఆమెను తగ్గించలేదు.

అయితే ఫోను పారేయాలా?

శ్రీసభ అలా చెప్పడం లేదు. 2025 సెప్టెంబరు 7న 14వ లియో జగద్గురువులు పునీతునిగా ప్రకటించిన కార్లో అకూతిస్ కంప్యూటరు బాగా తెలిసిన కుర్రవాడు. 1991లో పుట్టి 2006లో రక్త కేన్సరుతో 15వ ఏట మరణించాడు. దివ్యసత్ప్రసాద అద్భుతాలను గూర్చి కంప్యూటరు ద్వారా లోకానికి తెలిపాడు. అతడు తనను చూపించుకోలేదు, ప్రభువును చూపించాడు. ఫ్రాన్సిసు జగద్గురువులు 2019లో యువతకు వ్రాసిన లేఖలో ఈ బాలుణ్ణే ఆదర్శంగా చూపి, ప్రత్యేకంగా కనబడాలనే తాపత్రయంలో అందరూ ఒకేలా తయారవుతున్నారని, దేవుడు ఇచ్చిన సొంత వరం బయటికి రాకుండానే పోతున్నదని హెచ్చరించారు.

మెప్పు కోరడం కూడా పాపం కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇంట దొరకనిదాన్నే పిల్లలు రచ్చలో వెతుకుతున్నారు. కనుక కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను.

తండ్రులారా, పొద్దంతా షెడ్డులో కష్టపడి వచ్చి మీరు కూడా ఫోనులోనే తలదూర్చితే మీ బిడ్డ ముఖం చూసేవారు ఎవరు? రోజుకు ఒక్కసారైనా ఆ బిడ్డ చేసిన ఒక మంచి పనిని పేరుపెట్టి మెచ్చుకోండి. మార్కులను కాదు, అందాన్ని కాదు. చెల్లికి చెప్పిన లెక్క, నాయనమ్మకు అందించిన మందు, ఇటువంటివి. తల్లులారా, పక్కింటి పిల్లతో పోల్చకండి. సౌలు చెవిలో పడిన పాటను మన ఇంట్లో మనమే పాడవద్దు.

యువతీ యువకులారా, వారానికి ఒక మంచి పని ఎవరికీ చెప్పకుండా, ఫోటో తీయకుండా చేయండి. రహస్యంలో చూసే తండ్రిని గూర్చి ప్రభువు మత్తయి 6వ అధ్యాయంలో చెప్పినది నిజమో కాదో మీరే చూడండి. కుటుంబ జపమాల వేళ, భోజనం వేళ ఇంటిల్లిపాదీ ఫోన్లు ఒక బుట్టలో పెట్టండి, పెద్దవారివి ముందు. ఎవరినైనా ఎగతాళి చేస్తూ వచ్చినది మీ చేతికి వస్తే అక్కడే ఆపండి. నవ్వుతూ పదిమందికి పంపినవాడు కూడా ఆ గాయంలో పాలివాడే.

ఎవరైనా బిడ్డ తిండి మానినా, నిద్ర మానినా, బతకడం ఎందుకు అని ఒక్కమాట అన్నా, దానిని వేషం అనుకోవద్దు. పక్కన కూర్చోండి, వినండి. గురువుల దగ్గరకు, వైద్యుల దగ్గరకు తీసుకురండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు. ఫోను వల్ల వచ్చిన గాయానికి అదే ఫోనుతో సాయం కోరడంలో సిగ్గు లేదు.

బజారు లెక్కలో లేని ఐదవ పిచ్చుక కూడా దేవుని లెక్కలో ఉన్నది. మీ తల వెండ్రుకలను సైతం లెక్కించిన ఆ తండ్రి మీ ఇంట ఉన్న ప్రతి బిడ్డకూ ఆ మాట వినిపించునుగాక. గుణదలమాత మన పిల్లల కోసం వేడుకొనునుగాక. ఆమెన్.